ఈగను చూసింది సరళ, చున్నీ కట్టింది నేను

అనంతపురంలో మా కాలేజీ జువాలజీ విభాగానికి కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక కథ చెప్తారు. సరళ అనే ఆమె ఒక ఈగను కనిపెట్టిందంట. ఆ ఈగ పెద్ద చీమలను చంపిందంట. అందుకని చిన్న చీమలు గెలిచినాయంట. వినడానికి బాగుంటుంది. పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి. కానీ ఈ మూడు ముక్కల్లో మొదటి రెండూ తప్పు, మూడోది సగమే నిజం.

ఈ మాట చెప్పే హక్కు నాకుంది. ఆ బీడులో సరళ పక్కన గొంతుకూర్చున్నది నేనే. అట్లా కూర్చుని కూర్చుని మోకాళ్ళు పోయి, గడువుకంటే ముందే ఉద్యోగం వదిలేసినాను. వయసు యాభై దాటి ఎంతో కాలేదు, మెట్లు ఎక్కాలంటే మాత్రం మా అమ్మమ్మ గుర్తుకొస్తుంది. నేను ఇది చెప్పినప్పుడల్లా "పద్మక్కకు సరళ మీద కుళ్ళు" అంటారు. అవును, కుళ్ళే. కుళ్ళు ఉన్నంత మాత్రాన చెప్పేది అబద్ధమైపోతుందా? ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు ఉంటే, ముందు ఆ తేడా తెలుసుకోండి.

పని అంటే

చీమల మీద పరిశోధన అంటే బంధువులు నవ్వుతారు. మా మేనత్త అయితే ఏకంగా "దానికి చదువెందుకే, మా వంటింట్లో కూర్చుంటే సరిపోదా" అనింది. నిజంగానే పని అంతకంటే గొప్పగా ఏమీ ఉండదు. ఊరి బయట కాలేజీకి ఒక ఎర్రమట్టి బీడు ఉండేది, పక్కనంతా చెనిక్కాయ, అంటే వేరుశనగ చేలు. ఆ బీడులో తెల్ల పళ్ళాలు పెట్టి, పళ్ళెంలో చెనిక్కాయ పలుకులు, బెల్లం వేసి, ఏ చీమ ముందు వస్తుందో, ఏది ఎవరిని తరుముతుందో చూడాల. అంతే. తల ఎత్తకుండా, నీడ పడనీయకుండా, చీర కుచ్చిళ్ళు పళ్ళెంలో పడకుండా చూడాల. నాకు సల్వార్ కమీజు అలవాటైంది ఆ కుచ్చిళ్ళ వల్లనే.

మేము చూసేది రెండు జాతులను. ఒకటి తల పెద్ద చీమ. అందులో సిపాయిలు ఉంటాయి, ఒళ్ళు ఇంత, తల అంత. కొరికితే పలుకు రెండు ముక్కలు. రెండోది చిన్న నల్ల చీమ, ఊదితే ఎగిరిపోతుంది. పొద్దున పళ్ళెం పెడితే కాసేపటికి సిపాయిలు వచ్చి చుట్టూ నిలబడతాయి, చిన్నవి దూరంగా తచ్చాడతాయి. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు: బలమున్నోడిదే పళ్ళెం.

చిక్కు ఏమంటే, ఎండాకాలం ముగిసేసరికి చూస్తే చిన్న చీమల పుట్టలే ఎక్కువ బలిసి ఉండేవి. రోజూ ఓడిపోయేవి ఎట్ల బలుస్తాయి? మా పెద్ద సారు రంగప్ప గారిని అడిగితే, "ఎండమ్మా. పెద్దవి ఎండకు లోపలికి పోతాయి, చిన్నవి తట్టుకుంటాయి. మనం పోవడం లేదా?" అన్నారు.

"మనం జీపులో పోతాండాము సార్. చీమలకు జీపు లేదు కదా" అన్నాను.

ఆయనకు నా నోరు నచ్చేది కాదు. కానీ అసలు సంగతంతా ఆ జీపులోనే ఉండింది. కాలేజీ జీపు తెల్లవారగానే మమ్మల్ని దింపి, ఎండ ముదరకముందే ఎక్కించుకుని పోయేది. డ్రైవరు హారన్ కొడితే చీమలు ఏం చేస్తున్నా సరే, పళ్ళాలు ఎత్తేయాల. అంటే మా చూపంతా చల్లపొద్దు చూపే. ఏళ్ళ తరబడి మేము రాసిన "ఏ చీమది పైచేయి" అన్నదంతా, నిజానికి జీపు వచ్చే లోపల ఏ చీమది పైచేయి అని. నేను ఈ వృత్తిలో నేర్చుకున్న మొదటి పాఠం ఇదే: మీరు చూడని వేళలో ఏం జరుగుతుందో అడగండి. మీకు అక్కడిదాకా బండి లేకపోతే బండి నేర్చుకోండి.

నేను నేర్చుకోలేదు. సరళకు స్కూటీ ఉండింది.

సరళ

సరళది నల్లమాడ దగ్గర మెట్టపల్లె. నాకంటే చిన్నది, నాతో సమానంగా చదివింది, నాకంటే తక్కువ మార్కులతో. ఈ ముక్క రాయకపోయినా ఫరవాలేదు, కానీ రాస్తాను. నవ్వితే అందరూ నవ్వేవాళ్ళు. అటెండరు ఆమెకు టీ ముందు తెచ్చేవాడు. నేను వాదించి సాధించుకున్నవి ఆమె అడక్కుండానే వచ్చేవి. కొత్త భూతద్దం ఒకటే వస్తే అది ఎవరి చేతికి పోయిందో మీరే ఊహించుకోండి.

ఆమెకు ఆదివారం చర్చి. అందుకని ఆదివారం చెయ్యాల్సిన పని కూడా శనివారమే ముగించుకునేది. నేను జీపెక్కి పోయినాక కూడా, తలకు తువ్వాలు చుట్టుకుని బీడులోనే ఉండేది. ఎందుకు ఉండాలి అంత ఎండలో అని నేను వెనక నవ్వుకున్నాను కూడా.

ఆ ఎండాకాలం రంగప్ప సారు మా ఇద్దరినీ పిలిచి ఒక మాట చెప్పినారు. ఈ పని మీద వ్యాసం పంపుతాము, అందులో ఒకరి పేరు ముందు ఉంటుంది, ఆ ముందు పేరు ఉన్నవాళ్ళే బెంగళూరు సభలో మాట్లాడతారు, తరువాతి పని కూడా వాళ్ళ చేతికే వస్తుంది. బయటివాళ్ళకు ఇది చిన్న సంగతి. ఈ పనిలో ఉన్నవాళ్ళకు పెళ్ళి పత్రికలో పెళ్ళికూతురి పేరు లాంటిది. రెండో పేరంటే "శుభాకాంక్షలతో" కింద వచ్చే మేనమామల పేరు. నాకు ఆ ముందు పేరు కావాల. కూతురిని మా అమ్మ దగ్గర వదిలి, మోకాళ్ళు అరగదీసుకుని, ఎన్నేండ్లుగానో నేను ఆ బీడులో ఉన్నాను. సరళ నిన్నగాక మొన్న వచ్చింది.

ఫోనులో తీసింది

ఒక సోమవారం మా గదిలో గోడ మీద తెర వేసి, సరళ తన ఫోనులో తీసిన వీడియో చూపించింది. ఎర్రమట్టి మీద నూకలు కుప్పగా పోసి ఉన్నాయి. చుట్టూ సిపాయి చీమలు. పైన గాలిలో ఒక నల్ల చుక్క, దుమ్ము రేణువేమో అనుకుంటాము. ఆ చుక్క కదిలింది. సిపాయి తల మీదికి దిగింది, లేచింది, మళ్ళీ దిగింది. సిపాయి నోరు తెరిచి, కాళ్ళు ముడుచుకుని, గడ్డి పరక కిందికి దూరింది. ఇంకోటి దూరింది. కాసేపటికి కుప్ప దగ్గర సిపాయి లేదు. చిన్న నల్ల చీమలు వరస కట్టి నూకలు మోసుకుపోయినాయి.

గదిలో అందరూ "అబ్బా!" అన్నారు. ఫోరిడ్ అనే జాతి ఈగ అది. చీమ ఒంట్లో గుడ్డు పెడుతుంది, పురుగు చీమ తలలో పెరుగుతుంది, కడాకు తల ఊడి పడుతుంది. పుస్తకంలో మేమంతా చదివినదే. కళ్ళతో చూసింది ఎవరూ లేరు.

నాకు కడుపులో మంట. దాన్ని ఇంకో పేరు పెట్టి పిలవను. లేచి నిలబడినాను.

"సార్, అవి మన ఎర కాదు. మనం నూకలు వెయ్యము. మన పళ్ళెం యాడ ఉండాది? ఎవరో మన బీడులో దొంగగా మేత వేస్తాండారు. ఇది లెక్కలోకి రాదు."

సరళ నా చెయ్యి పట్టి లాగింది. "కూర్చో అక్కా."

"ఎందుకు కూర్చోవాల?"

"కూర్చో అక్కా, తరువాత చెప్తా."

"ఇప్పుడే చెప్పు. సార్, మళ్ళీ వెయ్యమనండి."

మళ్ళీ వేసినారు. మొదట్లోనే, నూకలు పోసే చెయ్యి ఒకటి తెర అంచున కనబడింది. ముసలి చెయ్యి. చూపుడు వేలికి గోరు లేదు. కొట్టులో తూకం రాయి పడి, నా చిన్నప్పుడే ఊడిపోయిన గోరు.

సారు అడిగినారు: "ఎవరిదమ్మా ఆ చెయ్యి?"

సరళ తల వంచుకుంది, చెప్పలేదు. ఆమె చెప్పకపోవడమే నన్ను ఇంకా మండించింది. ఆమె నన్ను కాపాడడమా?

"మా నాయనది" అన్నాను.

గది గొల్లుమంది. నేను అనుకున్నది ఒకటి. మేత వేసినారని తేలితే వీడియో పక్కన పడుతుంది, అంతే కదా! జరిగింది వేరే. రంగప్ప సారు కుర్చీలోంచి లేచినంత పని చేసినారు. "ఏం కథమ్మా! షావుకారు పుణ్యానికి చీమలకు నూకలు వేస్తే, పుణ్యం ఈగకు పోయింది!" ఆ క్షణంలోనే నాకు అర్థమైంది, నేను నా చేత్తోనే సరళ కథకు బెల్లం కలిపినానని. బాసుల్లో రకరకాలు ఉంటారు. తిట్టే బాసు, సంతకం పెట్టని బాసు, వీళ్ళను తట్టుకోవచ్చు. కథలంటే చెవి కోసుకునే బాసు దగ్గర మాత్రం జాగ్రత్త. ఆయనకు నిజం దొరికినా, కథకు సరిపోయేంత ముక్కే తీసుకుంటాడు.

నాయన

మా ఇంట్లో శనివారం గుడికి పోయి వచ్చినాక చీమలకు నూకలు, బెల్లం పొడి కలిపి వెయ్యడం తాతల నాటి నుంచి ఉంది. పాతూరులో షావుకార్ల ఇళ్ళలో చాలామంది చేస్తారు. మేము చిన్నప్పుడు నవ్వేవాళ్ళము. ఇంటి పక్క చోటంతా సిమెంటు అయిపోయినాక నాయన యాడ వేస్తున్నాడో నేను అడగనేలేదు.

ఆ సాయంత్రం కొట్టు దగ్గరికి పోయినాను.

"నాయనా, మా బీడుకు పోతాండావా?"

"పోతాండా, మోపెడ్ మీద. నువ్వే కదమ్మా చెప్తివి, ఆడ ఉన్నన్ని చీమలు యాడా లేవని."

"నేను చెప్పింది మేత వెయ్యమని కాదు. మా పనంతా నాశనం చేసినావు!"

"చీమకు పిడికెడు నూకలు వేస్తే నాశనమయ్యే పని ఏం పనమ్మా అది?" అని త్రాసు తుడుచుకుంటూ అన్నాడు. తరువాత కాస్త తగ్గి, "సరళమ్మ నీకు చెప్పలేదా? మంచి పిల్ల. పెద్దనాయనా, పెద్దనాయనా అని పక్కనే కూర్చుంటాది. నాకు ఆ ఈగను చూపించింది. నా కంటికి ఆనలేదనుకో, కనబడిందిలే అన్నా."

"నాకు చెప్పొచ్చు కదా, ఆడికి పోతాండానని?"

"నీకు యాడ టైము పాపా? నేను పోయే పొద్దుకు నీ జీపు పోయింటాది."

తిట్టినట్టు కూడా అనలేదు. దుకాణంలో ఏ సరుకు అయిపోయిందో చెప్పినట్టు చెప్పినాడు. నేను ఇంటికి నడుచుకుంటూ పోయినాను. ముందు పేరు ఒక్కటే అనుకుంటే, మా నాయన పక్కన కూర్చునే చోటు కూడా ఆమెకే పోయింది. ఆమె లాక్కోలేదు. ఖాళీగా ఉంటే కూర్చుంది. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

చున్నీ

ఆ చున్నీ పరీక్షను నేను సైన్సు మీద ప్రేమతో చేసినానని ఎవరైనా అంటే నమ్మొద్దు. సరళ "ఈగ" అన్నది కాబట్టి, అంతవరకు ఎండ మాటను ఎగతాళి చేసిన నేనే ఎండ పక్షం చేరినాను. ఈగ ఉత్త తమాషా, ఆ వేళకు సిపాయిలు ఎండకే పోతాయి అని రుజువు చేసి, వీడియోను మట్టి కరిపించాలనుకున్నాను. నాయనను ఆ సీజనుకు బీడు వైపు రావద్దని ఒట్టు వేయించుకున్నాను. జీపు వదిలేసి ఆటో మాట్లాడుకున్నాను.

ముందు దోమతెర కట్టినాను. ఈగ దాని చిల్లుల్లోంచి దర్జాగా దూరిపోయింది. తరువాత మా కూతురి నైలాన్ చున్నీ తెచ్చి, పాత గొడుగు ఊచల మీద గుడారం లాగా కట్టినాను. అంచు నేలకు ఆనకుండా, చీమ దూరేంత సందు వదిలినాను. పైనుంచి దిగే ఈగకు దారి లేదు. అయితే చున్నీ నీడ కూడా ఇస్తుంది కదా? నీడ వల్ల సిపాయిలు ఆగినాయా, ఈగ లేక ఆగినాయా అని ఎవరైనా అడుగుతారు. ఎవరో ఎందుకు, నేనే అడుగుతాను. అందుకని పక్కనే ఇంకో పళ్ళెం మీద అట్లాంటిదే ఇంకో చున్నీ, అంతే నీడ, కానీ చుట్టుపక్కల పైకి చుట్టేసి ఈగ వచ్చిపోయేలా కట్టినాను. ఈ రెండో చున్నీ ఉంది చూడండి, అది నా బుర్ర. అది సరళకు తట్టలేదు, సారుకు తట్టలేదు.

జరిగింది చెప్తాను. ఎండ ముదిరినాక ఈగలు వచ్చినాయి. పక్కలు చుట్టేసిన చున్నీ కింద సిపాయిలు తోక ముడిచినాయి, చిన్నవి పళ్ళెం ఊడ్చేసినాయి. మూసిన చున్నీ కింద, అదే వేడి, అదే నీడ, సిపాయిలు కదల్లేదు. చిన్న చీమ దగ్గరికి వస్తే కొరికి అవతల పారేసినాయి. రోజులు మార్చి చూసినాను, చున్నీల చోట్లు మార్చి చూసినాను. అదే జవాబు. మబ్బు పట్టి ఈగలు రాని రోజు, చున్నీ ఉన్నా లేకున్నా పళ్ళెం సిపాయిలదే.

అంటే సరళ చెప్పిందే నిజం. ఆమెను ఓడించాలని నేను పడిన కష్టమంతా ఆమె మాటకు సాక్ష్యమైంది. అప్పుడు ఆ ఎండలో కూర్చుని ఎంత తిట్టుకున్నానో చీమలకే తెలుసు.

అయినా జరిగింది కాలేజీలో పిల్లలకు చెప్పే కథలాగా లేదు. ఈగ చంపిన సిపాయిలు ఎన్ని అని వెతికితే, తల ఊడినవి ఎక్కడో ఒకటీ అరా. ఈగ చంపి గెలిపించలేదు. పైన ఆడుతూ ఉంటే చాలు, సిపాయి తనంతట తాను పళ్ళెం వదిలిపోయింది. చిన్న చీమ గెలిచింది కూడా ఈగ ఆడినంత సేపే. ఈగ పోతే మళ్ళీ మామూలే. మొదట్లో నేను మూడు ముక్కలు తప్పుపట్టినది ఇందుకే. చూడడం వేరు, కనిపెట్టడం వేరు. చంపడం వేరు, జడిపించడం వేరు. కొత్తగా వచ్చే పిల్లలారా, ఈ తేడాల కోసం కొట్లాడండి. మీ నోరు చెడ్డదని పేరు వస్తుంది, రానీయండి.

పేరు

వ్యాసం రాసేటప్పుడు సారు దగ్గరికి పోయి నేరుగా అడిగినాను. ముందు పేరు నాది కావాల అని.

"నీ చున్నీ లేకుంటే సరళది ఒట్టి వీడియో, ఒప్పుకుంటా" అన్నారాయన. "కానీ వీడియో లేకుంటే నీ చున్నీని ఎవరు చూస్తారమ్మా?"

సరళ పేరు ముందు, నాది వెనక. చున్నీ గురించి ఒక వాక్యం. ఆ వాక్యంలో చున్నీ అని కూడా లేదు, "సన్నని వస్త్రం" అని ఉంది.

స్కూటీ నిలబెట్టే చోట సరళ నన్ను ఆపింది. "అక్కా, నీ పేరే ముందు పెట్టమని నేను చెప్తా. సారు నా మాట వింటారు."

"వింటారు, నాకు తెలుసు. అందుకే వద్దు."

"ఎందుకు వద్దక్కా? నీదే కదా పని."

"నాదైతే నాకు రావాల. నువ్వు ఇస్తే రాకూడదు. నేనేమన్నా చీమనా, నూకలు చల్లేదానికి?"

ఆమె ఏడుపు మొహం పెట్టింది. "నీతో ఎట్ల బతకాలక్కా" అని బండి తీసింది. ఆ రోజు ఒప్పుకునింటే బాగుండేది కదా అని నన్ను చాలామంది అడిగినారు. ఇప్పుడడిగినా వద్దనే అంటాను. కానీ బెంగళూరు సభలో ఆమె మాట్లాడిన రోజు, నేను ఇంట్లో తలనొప్పి అని పడుకున్నాను. అది కూడా నిజమే.

కుళ్ళు గురించి పెద్దలు "అణచుకోండి" అంటారు. నేనైతే అట్లా చెప్పను. అణచుకుంటే పులిసిపోతుంది. దాన్ని పనిలో పెట్టండి. ఎదుటివాళ్ళ మాట తప్పని చూపించడానికి మీరు కట్టే పరీక్ష, స్నేహంతో కట్టేదానికంటే గట్టిగా ఉంటుంది. ఒక్కటే షరతు: జవాబు వాళ్ళ వైపు వస్తే, దాన్ని కూడా రాయాల.

ఇప్పుడు

సరళ తరువాత చిలమత్తూరు వైపు కాలేజీకి వెళ్ళిపోయింది. అక్కడ ఆమె కింద పిల్లలు చేస్తున్నారు. నాయన మోపెడ్ మానేసి, శనివారం నూకలు కూడా మానేసి చాలా ఏళ్ళయింది. బీడు పక్కనంతా ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతినారు. ఉద్యోగం వదిలినాక, పోయిన ఎండాకాలం నాకు తోచక, ఒక ప్లాస్టిక్ స్టూలు, పాత చున్నీలు తీసుకుని ఆడికి పోయినాను.

నాయన ఏళ్ళ తరబడి నూకలు పోసిన చోట పళ్ళెం పెట్టినాను. సిపాయిల పుట్ట పక్కనే ఉంది, బతికే ఉంది. చున్నీ మూసి కట్టినాను. ఈగ దూరలేదు. దూరడం కాదు, ఆ ఎండాకాలమంతా నా కంటికి ఒక్క ఈగ కూడా కనబడలేదు. అయినా సిపాయి రాలేదు. పళ్ళెం కాస్త దూరం జరిపితే వచ్చినాయి. మళ్ళీ నాయన చోటుకు తెస్తే రాలేదు. చిన్న నల్ల చీమలు దర్జాగా తిన్నాయి.

ఎన్నో ఏళ్ళకు సరళకు నేను ఫోను చేసినాను. ఎత్తగానే, "పెద్దనాయన ఎట్ల ఉండాడక్కా?" అనింది. నేను ఎట్ల ఉండానో తరువాత అడిగింది.

చెప్పినాను. కాసేపు విని, "నేర్చుకున్నాయక్కా. ఆ చోటు మంచిది కాదని తెలుసుకున్నాయి" అనింది.

"ఎవరు నేర్చుకున్నారు? చీమ బతికేది నెలలే. ఆ రోజు ఈగను చూసిన సిపాయి ఒక్కటి కూడా ఇప్పుడు లేదు. ఇవన్నీ వాటి తరువాత పుట్టినవి."

"వాసన ఏమన్నా మిగిలిందేమో."

"ఇన్ని వానలకా?"

"మన అనంతపురంలో వానలు ఎక్కడివిలే అక్కా" అని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

"చిన్నవి ఆ చోటు పట్టేసుకుని ఉంటాయి, పెద్దవాటికి దారి లేక రావేమో" అన్నాను.

"అయితే చిన్నవాటిని తీసేసి చూడు."

"చూసినా. తీసేసినా రాలేదు."

ఆమెకు జవాబు తెలియని సంగతి నా దగ్గర ఉండడం నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. తరువాత, "వచ్చే ఎండాకాలం నేనూ వస్తా, ఇద్దరం చూద్దాం" అనింది. ముందు పేరు ఎవరిదో తేల్చుకున్నాక రమ్మన్నాను.

ఈలోగా మీలో ఎవరికైనా చీమల దగ్గర గొంతుకూర్చునే మోకాళ్ళు ఉంటే, చూసి నాకు చెప్పండి. సరళకు చెప్పేకంటే ముందు నాకు చెప్పండి. ఒక్క ఈగను కూడా చూడకుండా పుట్టి పెరిగిన సిపాయి చీమకు, ఆ చోటికి పోవద్దని ఎవరు చెప్పినారు?